రాస్ లఫాన్ హీలియం, కేంద్రకాల ఇచ్చిపుచ్చుకోలు

ఖతార్ ఆర్థిక చరిత్ర రాసేవారు ముత్యాలు, చమురు, సహజవాయువు అని వరుస చెప్పి ఆగుతారు. 1971లో బయటపడిన నార్త్ ఫీల్డ్ వాయువులో అతి స్వల్పంగా కలిసివున్న హీలియం మాట అరుదుగా వస్తుంది. 1868 సూర్యగ్రహణాన్ని ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో పరిశీలించాడు గనుక ఈ మూలకాన్ని మన ఖాతాలో వేసుకోవడం మనకు అలవాటు. అది కొంత అతిశయోక్తే. సూర్యుడిలో కొత్త మూలకం ఉందని ఊహించింది లాకియర్. 1895లో భూమ్మీద పట్టుకున్నది రామ్సే.

భూగర్భంలో యురేనియం, థోరియం కోట్ల ఏళ్లుగా విడిచిన ఆల్ఫా కణాలే ఈ హీలియం. అంటే కేంద్రకాల మార్పులోంచి పుట్టిన వాయువు. కేంద్రకాల మార్పులను పరిశీలించే యంత్రాలకు మళ్లీ అదే కావాలి.

అలాంటి మార్పుల్లో ఒకటి కేంద్రకాల ఇచ్చిపుచ్చుకోలు. రెండు బరువైన కేంద్రకాలూ ధనావేశం కలవి కనుక దగ్గరకొస్తే వికర్షించుకుంటాయి. కలిసిపోయేంత శక్తి లేకపోయినా, అంచులు ఒరుసుకున్నప్పుడు ఒకటి రెండు న్యూట్రాన్లు ఇటునుంచి అటు దాటగలవు. ఆవేశం లేని న్యూట్రాన్‌కు విద్యుత్ వికర్షణ అడ్డు లేదు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో కేంద్రకాలను వేరుచేసే హిరా పరికరంతో సిలికాన్-28ను జిర్కోనియం-90, 94లపైకి పంపి ఈ బదిలీలను కొలిచారు. జిర్కోనియం-90లో న్యూట్రాన్లు సరిగ్గా 50, నిండిన కర్పరం. 94లో అదనంగా నాలుగున్నాయి. బదిలీలు అక్కడే ఎక్కువ.

అదే కేంద్రంలో అయాన్లకు మరింత వేగమిచ్చే లైనాక్‌లో నియోబియం కుహరాలున్నాయి. అవి అతివాహకాలుగా పనిచేయాలంటే సుమారు −269 డిగ్రీల ద్రవ హీలియం కావాలి. ముంబయి టాటా మౌలిక పరిశోధన సంస్థలోని లైనాక్‌దీ అదే అవసరం.

ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో తొలి హీలియం కర్మాగారం 2005లో, రెండోది 2013లో మొదలయ్యాయి. ప్రపంచ సరఫరాలో నాలుగో వంతుకు పైగా అక్కడినుంచే రాసాగింది. 2017 జూన్ 5న సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. అప్పటిదాకా హీలియం కంటైనర్లు వెళ్లింది సౌదీ భూభాగం మీదుగానే. సరిహద్దు మూతపడ్డ కొద్దిరోజులకే రెండు కర్మాగారాలూ ఆగిపోయాయి. కొన్ని వారాలకు ఒమన్ రేవు మీదుగా ఎగుమతి మళ్లీ మొదలైంది. వాడిన హీలియంను పట్టి తిరిగి ద్రవీకరించే ఏర్పాటు లేని ప్రయోగశాలకు ఇలాంటి వారాలే కష్టకాలం. మన దేశం హీలియం అవసరాలను దాదాపు పూర్తిగా దిగుమతితోనే తీర్చుకుంటోంది.