వెండి రేకులో వెలుగు దారి

హైదరాబాదులో చార్మినారు చుట్టుపట్ల వీధులలో ఒకప్పుడు వెండిని సాగగొట్టే సుత్తుల చప్పుడు ఎడతెగక వినవచ్చేది. నేడది బాగా సన్నగిల్లింది. మిఠాయిమీద, కిళ్ళీమీద అద్దే ఆ వెండి రేకునే వరక్ అంటారు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం చదరపు మీటరు వరక్ 2.8 గ్రాముల బరువు మించరాదు. లెక్కకట్టి చూస్తే, అటువంటి రేకులు సుమారు 3,700 పేర్చితేగాని ఒక మిల్లీమీటరు మందం రాదు.

ఇంతగా పలుచబడిన తరువాత కూడా అది మన మెరిగిన వెండియేనా? లోహం గుణాలు లోహంలోనే ఉన్నవా, లేక దాని కొలతలో, అమరికలో కూడా ఉన్నవా? ఈ ప్రశ్నకు నూటయేబదేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

1857 ఫిబ్రవరి 5న లండను రాయల్ సొసైటీలో మైకేల్ ఫారడే బంగారానికీ వెలుగుకూ గల సంబంధాన్ని గూర్చి ఉపన్యసించినాడు. బంగారు రేకును దీపానికి అడ్డుపెట్టి చూస్తే అవతలి వెలుగు ఆకుపచ్చగా కనబడుతుంది. గాజుపలకమీద ఆ రేకును అంటించి వేడిచేస్తే పచ్చదనం పోయి, వెలుగు నిరాటంకంగా దాటిపోతుంది. నునుపైన గట్టి రాతితో ఒరసితే పోయిన పచ్చదనం మళ్ళీ వస్తుంది. నీటిలో అతిసూక్ష్మ కణాలుగా విడివడిన బంగారమో, కెంపువలె ఎర్రగా ఉంటుంది. బంగారం బంగారమే, మారినది దాని కూర్పు మాత్రమే అని ఫారడే గ్రహించినాడు.

1908లో ఇంగ్లండులో థామస్ టర్నర్ వెండి రేకులను గాలిలో వేడిచేసి, అవి పారదర్శకాలు కావడం చూపినాడు. వెండి కరగడానికి 961 డిగ్రీల వేడి కావలెను. అందులో సగమైనా చేరకముందే ఈ మార్పు జరుగుతుంది. అంత పల్చని పొరలో వెండి ముడుచుకొని చిన్నచిన్న దీవులుగా పోగవుతుంది. నడుమ సందులేర్పడి వెలుగుకు దారి దొరుకుతుంది. అయితే ఆ సందులే విద్యుత్తుకు దారి తెంపివేస్తాయి.

ఈ దారి ఎప్పుడు తెగుతుంది, ఎప్పుడు కలుస్తుంది? తొలకరిలో శామీర్‌పేట చెరువు పరిసరాల పొలాలను తలచుకొనండి. మొదట గుంటగుంటకు నీరు వేరుగా నిలుస్తుంది. వాన సాగినకొద్దీ గుంటలు పెద్దవవుతాయి; కాని నీరు ఈ గట్టునుండి ఆ గట్టుకు చేరదు. ఒక హద్దు దాటగానే, మరికొంచెం వానకే, గుంటలన్నీ కలిసి ఒక్కటవుతాయి. గాజుమీద వెండి పొర పెరగడమూ ఇంతే. హద్దుకు ఇవతల విద్యుత్తు పారదు. అవతల ధారాళంగా పారుతుంది. ఫారడే ఉపన్యాసానికి సరిగా నూరేండ్ల తరువాత, 1957లో, బ్రాడ్‌బెంట్, హామర్‌స్లీ అనే ఇద్దరు ఈ హద్దుకు గణితశాస్త్రం కూర్చినారు. వారి ఆలోచనలో ఉన్నది వెండి కాదు. రంధ్రాలతో నిండిన పదార్థం గుండా వాయువో ద్రవమో ఎట్లు దాటిపోతుందన్నదే వారి సమస్య.

ఆ సందులలో మరొక విశేషం కూడా దాగి ఉన్నది. 1928లో రామన్ కనుగొన్న ఫలితంవల్ల, పదార్థంమీదపడి చెదరిన వెలుగు ఆ పదార్థపు ఆనవాలును మోసుకొని వస్తుందని తెలిసింది. రామన్‌తో కలిసి పరిశోధించిన మన సూరి భగవంతంగారు 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. అయితే ఆ వెలుగు బహు దుర్బలం. సుమారు కోటి కాంతికణాలలో ఒక్కటి మాత్రమే అట్లు మారుతుంది. 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో గరుకు వెండిమీద ఆ ఆనవాలు ఆశ్చర్యకరంగా ప్రబలమై కనిపించింది. 1977లో జరిగిన పరిశీలనలు ఆ పెంపు లక్ష రెట్లకు తక్కువ కాదని తేల్చినవి. లోహపు ముక్కల నడుమ సందులలో వెలుగు గుమికూడడమే దీనికి ముఖ్యకారణం. లవలేశమైన విషాన్నిగాని, ప్రేలుడు పదార్థాన్నిగాని పసిగట్టే ఉపాయం అక్కడ పుట్టింది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో లేజరుతో చెక్కిన లోహపు పొరలమీద ఇటువంటి పరిశోధనలు జరిగినవి.

నగరానికి ఉత్తరాన, శామీర్‌పేట దాపున, 2008లో బిట్స్ పిలానీ హైదరాబాదు విద్యాప్రాంగణం వెలసింది. మేడ్చల్ జిల్లా ఏర్పడినది 2016లో. ఆ ప్రాంగణంలోని ప్రయోగశాలలో లేజరు కిరణంతో ప్లాస్టిక్ పొరమీద గీతలు గీసి, వాటిని రంధ్రమయమైన కర్బనపు వలగా మార్చుతున్నారు. 2014లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంవారు వెలువరించిన పద్ధతి ఇది. మూలపదార్థమైన ప్లాస్టిక్‌లో విద్యుత్తు పారదు. ఆ వలలో పారుతుంది. రంధ్రాలనిండా ద్రవం చొరబడడంవల్ల, అందులోని రసాయనాల జాడ తీయడానికి ఆ వల పనికివస్తుంది.

వరక్ కొట్టే పనివానికి ఈ సిద్ధాంతాలతో పనిలేదు. అయినా ఏ దెబ్బకు రేకు నిలుస్తుందో, ఏ దెబ్బకు చిరుగుతుందో అతని చేతికి తెలుసు. ఫారడే ప్రయోగాలకు కావలసిన బంగారు రేకులు కూడా అటువంటి చేతులు సాగగొట్టినవే. ఆ సుత్తి చప్పుడు పూర్తిగా ఆగిపోకముందే ఆ చేతుల అనుభవాన్ని అడిగి తెలుసుకొనడం మన ప్రయోగశాలలకు చిన్నతనం కాదు.