పోకర్‌లో అన్నిటికన్నా కష్టమైన విద్య ఏది? స్టూ అంగర్ కథ

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక లాడ్జి గదితో మొదలుపెడదాం. 1998 నవంబర్ 22, అమెరికాలోని లాస్ వేగాస్. ఒయాసిస్ అనే ఒక చవక మోటెల్. గదిలో 45 ఏళ్ల మనిషి చనిపోయి ఉన్నాడు. దగ్గరున్న డబ్బు సుమారు 800 డాలర్లు. అంత్యక్రియల ఖర్చుకి స్నేహితులు చందాలు వేసుకోవాల్సి వచ్చింది.

ఇందులో వింతేముంది అంటారా? ఏడాదిన్నర ముందు, అదే ఊళ్లో, ఇదే మనిషి పోకర్ ప్రపంచ టోర్నీ గెలిచాడు. ప్రైజు పది లక్షల డాలర్లు. ఆయన పేరు స్టూ అంగర్.

1953లో న్యూయార్క్‌లో పుట్టాడు. చిన్నప్పుడే జిన్ రమ్మీ పట్టుబడింది. జిన్ రమ్మీ అంటే మన పదమూడు ముక్కల రమ్మీకి చుట్టం, పది ముక్కలతో ఆడతారు. అందులో ఈయన్ని ఓడించేవాళ్లు లేక, చివరికి ఈయనతో ఆడేవాళ్లే కరువయ్యారు. అందుకే పోకర్‌కి మారాడు. 1980లో ప్రపంచ టోర్నీకి వచ్చి, ఫైనల్లో డోయల్ బ్రన్సన్ అనే మహా ఆటగాణ్ణి ఓడించాడు. 1981లో మళ్లీ గెలిచాడు. జ్ఞాపకశక్తి ఎలాంటిదంటే, ఆరు కట్టల పేక ఒక్కో ముక్కా తీస్తూ పోతే చివరి ముక్క ఏదో చెప్పేస్తానని పందెం కాసి గెలిచాడు. ఆరు కట్టలంటే 312 ముక్కలు!

ఇప్పుడు అసలు ప్రశ్న. పోకర్‌లో నేర్చుకోవడానికి అన్నిటికన్నా కష్టమైంది ఏది? లెక్కలా? బ్లఫ్ చేయడమా? ఎదుటివాడి మొహం చదవడమా?

లెక్కలు కష్టమే, కానీ నేర్చుకోవచ్చు. జాన్ ఫాన్ నాయ్‌మన్ అనే గణిత మేధావి 1928లోనే ఇలాంటి ఆటల మీద పరిశోధనా పత్రం రాశాడు. 1944లో వచ్చిన పుస్తకంలో బ్లఫ్ ఎందుకు అవసరమో గణితంతోనే చూపించాడు. 2017లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ 20 రోజుల్లో 1,20,000 ఆటలాడి నలుగురు ప్రొఫెషనల్స్‌ని ఓడించింది. అంటే బ్లఫ్‌తో సహా ఇదంతా మెషీన్‌కి కూడా నేర్పొచ్చన్నమాట.

మరి మనిషికి ఎక్కడ తేడా కొడుతుంది? ఒక ఉదాహరణ చూడండి. మీ చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి చేతిలో రెండు రాజులు. అంతకంటే మంచి ముక్కలు మీకు రావు. అయినా వందలో సుమారు 18 సార్లు ఓడిపోతారు. తప్పేమీ చేయలేదు, డబ్బు మాత్రం పోయింది. ఇంకోరోజు పిచ్చిగా ఆడి గెలుస్తారు. సైకిల్ నేర్చుకునేటప్పుడు తప్పు చేస్తే వెంటనే పడతాం, అలా నేర్చుకుంటాం. పోకర్‌లో తప్పు చేసినా చప్పట్లే వినపడొచ్చు. అందుకే ఇక్కడ అనుభవం కూడా మనకి అబద్ధం చెబుతుంది.

అలా అన్యాయంగా ఓడినప్పుడు ఒళ్లు మండుతుంది చూశారా, దాన్ని టిల్ట్ అంటారు. పాత పిన్‌బాల్ మెషీన్‌ని గట్టిగా ఊపితే టిల్ట్ అని లైటు వెలిగి ఆట ఆగిపోయేది. మాట అక్కణ్ణుంచే వచ్చింది. మెషీన్ అయితే ఆగిపోయేది, మనిషి ఆగడు. ‘పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి’ అని మన పెద్దలంటారు. ఉంగరం పోతే మంచి సలహానే. పేకాట బల్ల దగ్గర మాత్రం కొంపలు ముంచేది ఆ ఆలోచనే.

అంగర్‌కి లోపించింది ఈ ఆగడమే. పేకలో సంపాదించింది గుర్రప్పందాల్లో, స్పోర్ట్స్ బెట్టింగుల్లో పోగొట్టేవాడు. దానికి డ్రగ్స్ తోడయ్యాయి. 1990 టోర్నీలో బోలెడు చిప్స్‌తో ముందుండగా, మూడో రోజు హోటల్ గదిలో స్పృహ లేకుండా దొరికాడు. కుర్చీ ఖాళీ. పోకర్‌లో వంతు వచ్చినప్పుడల్లా కట్టాల్సిన పందెం ఒకటుంటుంది. అది ఆయన చిప్స్‌లోంచి కోస్తూనే పోయారు. అయినా తొమ్మిదో స్థానం వచ్చింది! మనిషి లేకపోయినా అంత దూరం వెళ్లే ఆట అది.

1997లో ఎంట్రీ ఫీజు 10,000 డాలర్లు కూడా లేవు. బిల్లీ బ్యాక్స్‌టర్ అనే ఆటగాడు కట్టాడు. అంగర్ గెలిచాడు, ప్రైజు ఇద్దరూ సగం సగం పంచుకున్నారు. కొన్ని నెలల్లో ఆయన వాటా మాయం. 1998లోనూ బ్యాక్స్‌టర్ ఫీజు కట్టడానికి సిద్ధపడ్డాడు, కానీ అంగర్ బల్ల దగ్గరికి రాలేదు. నవంబర్‌లో ఏమైందో మొదట్లోనే చెప్పాను.

ఈ కథ మనకెందుకు? సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని చెప్పింది. చాలా ఏళ్లు ఆన్‌లైన్ గేమ్స్ వాళ్లు ‘ఇది స్కిల్ గేమ్’ అని మనకి చెప్పింది ఆ మాట పట్టుకునే. 2025లో పార్లమెంటు చేసిన చట్టం మాత్రం, స్కిల్ అయినా లక్ అయినా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. స్కిల్ ఉందా లేదా అని మనం వాదించుకుంటూనే ఉంటాం. స్టూ అంగర్‌కి ఉన్నంత స్కిల్ ఇంకెవరికుంది? ఆయన్నే అది కాపాడలేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా ఫ్రెండ్ ‘నాకు ఆట వచ్చురా’ అంటే, ఒక్కటే అడగండి: ‘లేవడం వచ్చా?’

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.