పంటు కింద మునిగిన ఊరు

ఫ్రెంచి నిఘంటువులో 'మదపోలం' అనే మాట ఉంది. స్పానిష్‌లో అదే 'మదపొలాన్'. రెండుచోట్లా అర్థం ఒకటే: నున్నగా, ఒత్తుగా నేసిన తెల్ల నూలుబట్ట. ఆ భాషల్లో ఈ మాటని ఎటు విడగొట్టినా ఏమీ రాదు. మనం విడగొడితే మాత్రం చివర్లో 'పాలెం' తగులుతుంది. తీగ అక్కడ దొరికింది.

ఇక డొంక సంగతి. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' అనే పదకోశం 1886లో అచ్చయింది. మదపొల్లం అన్నది గోదావరి దక్షిణపాయ మీదున్న ఊరని, దాని అసలు పేరు మాధవపాలెమని, 1833 దాకా అక్కడ ఈస్టిండియా కంపెనీవారి వర్తక కచేరీ నడిచిందని అందులో రాశారు. డెల్టాలో అలాంటివి మూడట. పెద్దది ఇదే. మిగతా రెంటిలో ఒకటి ఇంజరం. మరొకదాన్ని 'బందర్ మలంక' అన్నారు. అది మన బెండమూర్లంక! మూర్లంకని మలంక చేసిన నోటికి మాధవపాలెంలో, అంటే మన మాధవాయిపాలెంలో, సగం మింగడం ఎంత పని?

దక్షిణపాయ అంటే వశిష్ఠ. వశిష్ఠ ఒడ్డున మాధవాయిపాలెం అంటే నరసాపురం. ఊరు ఖాయమైంది.

అక్కడే ఎందుకు? సరంగుని అడిగితే చెబుతాడు. కొండల్లో నరికిన టేకు దుంగలు వరదనీటి మీద తేలుతూ దిగువకి వచ్చేవి. నరసాపురంలో వాటితో ఓడలు కట్టేవారు. సముద్రం దగ్గరే, అంతర్వేది దాటితే అంతా ఉప్పునీరే. బట్టకి కావలసింది మరొకటుంది: చలవ. గోతిమగ్గం మీంచి దిగిన గుడ్డ తెల్లగా ఉండదు. గంజితో బిరుసుగా, మట్టిరంగులో ఉంటుంది. దాన్ని ఉడకబెట్టి, ఉతికి, మంచినీళ్లు చిలకరిస్తూ రోజుల తరబడి ఎండలో ఆరేస్తేనే తెలుపు తేలేది. నేతగాళ్ల పేరు ఎక్కడైనా ఒకటి రెండు మాటల్లో వస్తుంది, చాకళ్ల పేరు అదీ రాదు. ఆ తెలుపు మాత్రం వాళ్లదే. 1679లో మద్రాసు నుంచి కంపెనీ పెద్ద స్ట్రెయిన్‌షాం మాస్టర్ తనిఖీకి బయల్దేరి, బందరుతోపాటు ఈ మదపొల్లాన్నీ చూసి వెళ్లాడు.

ఇంత జరిగితే కంపెనీ కొట్లు, బంగళాలు ఏమయ్యాయి? ముడి గట్టిపడేది ఇక్కడే. ద్రాక్షారామంలో డచ్చివాళ్ల సమాధులు 'ఒలందు దిబ్బ' పేరుతో మిగిలాయి. వాటి మీద 1675 నుంచి 1728 దాకా తేదీలున్నాయి. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

1675 అంటే గుర్తొచ్చింది. ఆ డచ్చివాళ్ల రాజధాని ఆమ్‌స్టర్‌డామ్‌లో పోర్చుగీసు యూదుల పెద్ద ప్రార్థనా మందిరం పూర్తయిందీ ఆ ఏడే. మతవిచారణకి జడిసి స్పెయిన్, పోర్చుగల్ వదిలి వచ్చినవాళ్ల సంతతి కట్టుకున్న గుడి అది. దాని పునాది కర్రగుంజల మీద ఉంది. కింద కాలవనీళ్లు. పడవ వేసుకుని ఆ నీళ్లలోంచి గుడి అడుగుకి వెళ్లి గుంజలు చూడొచ్చు. కర్ర నీళ్లలో మునిగి ఉన్నంతకాలం చివికిపోదు. గాలి తగిలితేనే కుళ్లేది. రెండో ప్రపంచయుద్ధంలో ఆ నగరపు యూదుల్లో అత్యధికుల్ని నాజీలు చంపేశారు. గుడి నిలిచింది, మనుషులు పోయారు.

మన దగ్గర తిరకాసు వేరే. మనుషులున్నారు, కట్టడం పోయింది. పట్టుకుపోయింది వశిష్ఠే. పాత వర్తక కచేరీ ఉన్న ఒడ్డుని గోదారి కోసేసింది. లంకల్లో పుట్టినవాడికి ఇది వింత కాదు. గట్టు అడుగున ఇసక జారుతుంది, పైన బీట విచ్చుతుంది, ఓ రాత్రి కొబ్బరిచెట్టుతో సహా దభీమని పడుతుంది. అక్కడివాళ్లు పగుళ్లు చూసే సామాన్లు సర్దుకుంటారు.

అయితే గోదారి ఒక్కదాన్నే నిందించడం నాకు సమ్మతం కాదు. గోడలు పడకముందే వ్యాపారం పడింది. లాంకషైర్ మిల్లులు ఈ బట్టని అనుకరించి, పేరు కూడా మార్చకుండా 'మదపొల్లం' అనే మనకే తెచ్చి అమ్మాయి. 1833లో కంపెనీ వర్తకం మూసేసింది. అదే సమయంలో నందన కరువు. 1821లో 7 లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా ఇరవయ్యేళ్లకి 6 లక్షల లోపుకి దిగింది. 1844లో మాంట్‌గొమెరీ అనే దొర ఈ దుస్థితి మీద నివేదిక ఇచ్చాకే కాటన్ ఆనకట్టకి దారి పడింది. ఆ తర్వాత ఇది వరి దేశం. మగ్గం దేశమని ఎవరికి గుర్తు?

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఏ గుర్తింపూ లేని రోజుల్లోనే పక్కనున్న పాలెం తన పేరు నిఘంటువులకెక్కించింది.

ముడి ఇంతే. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లాలంటే గోదారి దాటించే పంటెక్కుతారు. మోటారుసైకిళ్లు, పాలక్యాన్లు, కొబ్బరిబోండాల ఆటో, అంచున గొడుగు వేసుకున్న ముసలావిడ. అందరూ టిక్కెట్టు కొనుక్కుని, కాళ్లకింద ఏ ఊరుందో తెలియకుండా దాటేస్తారు. రేవు పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. ఆటో ఎక్కి 'మాధవాయిపాలెం రేవుకి పోనీ' అనండి, తిన్నగా అక్కడే దింపుతాడు.