గుళోదకం నుంచి గోలీసోడా దాకా

మాఘమాసంలో అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి వెళ్తే ముందు వాసన పలకరిస్తుంది. ఆ తర్వాతే దిమ్మలు కనబడతాయి. తేనెరంగువి ఒక వరస, ముదురు గోధుమరంగువి ఇంకో వరస, నలుపు తిరిగినవి ఆ చివర. వేలం పాట నడుస్తుంటుంది, కళాసీలు దిమ్మలు మోస్తుంటారు, లారీలు ఎదురుచూస్తుంటాయి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరు తెచ్చుకున్న ఊరు ఇది. అరిసెలకీ పరమాన్నానికీ ఇక్కడి బెల్లమే కావాలనేవాళ్లు ఎందరో. కానీ బెల్లాన్ని తినడం కంటే తాగడం వెనక ఉన్న కథ పెద్దది. ఒకసారి వెనక్కి తిరిగి చూడవలసిన కథ అది.

భోజనానికి ముందు ఆకలి పుట్టించడానికి పుచ్చుకునే పానీయాన్ని పాశ్చాత్యులు అపెరిటిఫ్ అంటారు. ‘తెరవడం’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు. కాస్త చేదు, కాస్త తీపి, కాస్త పులుపు, పైన బుడగలు: దాని లక్షణాలు ఇంతే. ఈ రోజుల్లో మన పెళ్లిళ్లలో, హోటళ్లలో ఆ గ్లాసు విదేశీ పేరుతో చేతికొస్తోంది. అందులో పడవలసిన దినుసులన్నీ మాత్రం అనకాపల్లి పక్కనే పారే శారదా నది ఒడ్డున ఎప్పటినుంచో ఉన్నాయి.

ఈ కథ మొదలు వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. ఊరికి కూతవేటు దూరంలో శంకరం గ్రామం ఉంది. బౌద్ధ విహారమనే అర్థమున్న సంఘారామం అన్న మాటే వాడుకలో అరిగి శంకరమైంది. అక్కడి బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద ఏకశిలలో తొలిచిన స్తూపాలు, గుహాలయాలు ఉన్నాయి. 1907లో అలెగ్జాండర్ రే వాటి దగ్గర తవ్వకాలు జరిపించాడు. బౌద్ధ భిక్షువులు మధ్యాహ్నం దాటాక అన్నం ముట్టరు, పానీయం పుచ్చుకోవచ్చు. వినయపిటకంలోని మహావగ్గలో మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష మొదలైన ఎనిమిది పానాలకు బుద్ధుడి అనుమతి ఉంది. బెల్లం ప్రస్తావన కూడా అక్కడే వస్తుంది. జబ్బుచేసిన భిక్షువుకు బెల్లం ఇవ్వవచ్చు, ఆరోగ్యంగా ఉన్నవాడికి బెల్లం నీళ్లు ఇవ్వవచ్చు. ఆ నీళ్ల పేరు పాళీలో గుళోదకం. మనం పానకమనే దానికి ఇంత పాత పేరుందని తెలిసిన రోజున బొజ్జన్నకొండ మెట్లు నాకు వేరేగా కనబడ్డాయి.

అదే బౌద్ధం పంచశీలలో ఐదోదిగా సురామేరయాలను, అంటే మత్తు పానీయాలను వద్దంది. ఆ మేరయం ఎలాంటిదో కౌటిల్యుడి అర్థశాస్త్రంలోని మైరేయాన్ని చూస్తే తెలుస్తుంది. దాని దినుసుల్లో బెల్లం, పిప్పళ్లు, మిరియాలు ఉన్నాయి. బెల్లం, మిరియం కలిపి అప్పటికప్పుడు తాగితే పానకం. పులియబెడితే మైరేయం. మనుస్మృతి చెప్పిన మూడు సురల్లో గౌడి అంటే బెల్లంతో చేసిందే. ఒకే కుండలోంచి రెండు దారులు చీలాయి. మన నేల మీద బెల్లం పానీయాల చరిత్రంతా ఈ రెండు దారుల చరిత్రే.

మొదటి దారి గుడికీ వంటింటికీ చేరింది. శ్రీరామనవమి నాడు అల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం ఊరూరా పంచుతాం. మంగళగిరి నరసింహస్వామికి అదే నైవేద్యం కాబట్టి ఆయన పానకాల స్వామి అయ్యాడు. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు వర్ణించిన వేసవి విందులో చెరకుపాలు, ఎడనీరు, నీరుచల్ల ఉన్నాయి. 16వ శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశం భోజనానికి ముందు ఉప్పుతో అల్లం తినమంటుంది. అది జఠరాగ్నిని రగిలిస్తుందని చెబుతుంది. ఆయుర్వేదంలో ఈ గుణం పేరు దీపనం. అపెరిటిఫ్ అన్న మాటకు ఇంతకంటే మంచి తెలుగు మనకు అక్కర్లేదు.

ఇక చేదు. అనకాపల్లిలో నూకాంబిక అమ్మవారి జాతర కొత్త అమావాస్యకు మొదలవుతుంది. ఆ మర్నాడే ఉగాది. కొత్త బెల్లం, కొత్త చింతపండు, మామిడి పిందె, వేపపువ్వు కలిపిన పచ్చడి పరగడుపున నోట్లో పడుతుంది. తీపి వెంటే చేదు తగలగానే నోరూరుతుంది, కడుపు మేలుకుంటుంది. ఇటలీ వాళ్లు తమ అపెరిటిఫ్‌లలో మూలికలతో సాధించే రుచి ఇదే.

ఆ బుడగలు మాత్రం బయటినుంచి వచ్చాయి. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ బీరు పులిసే తొట్ల మీద తేలాడే బొగ్గుపులుసు వాయువును నీళ్లలోకి ఎక్కించాడు. మన తాటికల్లు ముంతలో నురగ కట్టేదీ ఆ వాయువే. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారం చేశాడు. 1872లో హైరం కాడ్ గోలీ ఉన్న సీసాకు పేటెంటు పొందాడు. ఆ సీసాకు బిరడా లేదు. లోపలి వాయువే గోలీని పైకి తోసి, మెడలోని రబ్బరు చుట్టకు అదిమిపెడుతుంది. కట్టె ముక్కతో గోలీని లోపలికి నొక్కగానే కీచుమనే ఆ చప్పుడు విని పెరగని పిల్లలు మన ఊళ్లలో ఒకప్పుడు లేరు. నిమ్మసోడా, ఉప్పుసోడా, సుగంధి సోడా... బండి దగ్గర నిలబడి తాగిన ప్రతి గ్లాసూ పేదవాడి అపెరిటిఫే.

1919 ఈ కథలో చిత్రమైన సంవత్సరం. ఇటలీలోని పాదువాలో బార్బియేరి సోదరులు అపెరోల్ అనే నారింజరంగు చేదు పానీయాన్ని ఆ ఏడే బయటికి తెచ్చారు. గోదావరి ప్రాంతంలోని రామచంద్రపురంలో అద్దూరి సోదరుల ఆర్టోస్ శీతల పానీయం మొదలైందీ ఆ ఏడే. అపెరోల్‌కు బుడగల వైన్, సోడా తోడై లోకమంతా తిరిగే స్ప్రిట్జ్ అయింది. ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న వెనీటోలో సైనికులు వైన్‌లో నీళ్లు చిలకరించమనేవారనీ, జర్మన్‌లో చిలకరించడాన్ని తెలిపే మాటే ఆ పేరైందనీ అంటారు. మన ఆర్టోస్ గోదావరి జిల్లాల పెళ్లిపందిళ్లకు గర్వకారణమైంది. బెల్లానికి మాత్రం ఆ బుడగల గౌరవం దక్కలేదు.

ఎందుకు దక్కలేదంటే, రెండో దారి దాన్ని ఈడ్చుకుపోయింది. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కల్లునూ సారానూ సర్కారు ఆదాయంగా మార్చింది. దొంగచాటు బట్టీల్లోకి నల్లబెల్లం చేరింది. సారా ఎన్ని ఇళ్లు కూల్చిందో ఆడవాళ్లకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచి నిలబడితే రాష్ట్రమంతా కదిలింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో అది సడలింది. ఆ ఉద్యమం ముందు నేను తల వంచుతాను. నా బాధ ఒక్కటే: తప్పు బట్టీది, మచ్చ బెల్లానిది. రాత్రంతా పెనం ముందు కూర్చుని, రసంలో సున్నపుతేట పోసి మడ్డి తీసి, పాకం అదను చూసి దింపే రైతు చేతిపని అనుమానపు సరుకు కాకూడదు.

ఆ మచ్చ కొంతైనా చెరిపేది మన వంటిల్లే. మా ఇంట్లో బెల్లంతో బుడగల పానీయం ఇలా చేస్తాం. నూరు గ్రాముల బెల్లం, నూరు మిల్లీలీటర్ల నీళ్లు, దంచిన అంగుళం అల్లం, ఆరు మిరియాలు, రెండు యాలకులు కలిపి అయిదు నిమిషాలు మరిగించాలి. తెల్లగా మెరిసే బెల్లం వద్దు. ఆ రంగు కోసం హైడ్రోస్ కలుపుతుంటారు. ముదురు రంగుదే తీసుకోవాలి. దింపాక పల్చటి బట్టలో రెండుసార్లు వడకట్టాలి. నలక మిగిలితే దాన్ని పట్టుకుని వాయువంతా ఒక్కసారిగా బుడగలై లేచి, నురగ పొంగి, గ్లాసు చప్పబడిపోతుంది. చిటికెడు ఎండు వేపపువ్వును రెండు చెంచాల వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వార్చుకోవాలి. పాకం, సోడా రెండూ ఫ్రిజ్‌లో బాగా చల్లబడాలి. చల్లటి నీరే వాయువును పట్టి ఉంచుతుంది.

గ్లాసులో ఐసు ముక్కలు, రెండు పెద్ద చెంచాల పాకం, అరచెక్క నిమ్మరసం, ఒక చిన్న చెంచా వేపపువ్వు నీళ్లు, చిటికెడు ఉప్పు. చివర్లో 150 మిల్లీలీటర్ల సోడా, గ్లాసు అంచు వెంట నెమ్మదిగా. చెంచాతో ఒక్కసారి కిందినుంచి పైకి తీస్తే చాలు, గిలకొట్టకూడదు. మద్యం పుచ్చుకునే ఇంట్లో సోడా సగం తగ్గించి, తీపిలేని స్పార్క్‌లింగ్ వైన్ పోసుకోవచ్చు. కానీ అది లేకపోయినా ఈ గ్లాసుకు లోటు లేదు. ఇందులోని చేదు, ఘాటు, బుడగ కలిసి చేయవలసిన పని చేసేస్తాయి.

ఏటికొప్పాక, గోవాడ, తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీల కాలమూ, ఊళ్లో చెరకు పరిశోధన జరుగుతున్న వందేళ్ల పైచిలుకు కాలమూ ఈ గ్లాసు వెనక ఉన్నాయి. వాటి వెనక ఆ బొజ్జన్నకొండ మీది గుళోదకం ఉంది. రేపు మీ ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లకు మంచినీళ్లతోపాటు దీన్నీ అందించండి. పేరడిగితే దీపనం అనండి. బెల్లం ఎక్కడిదని అడిగితే మాత్రం ఊరి పేరు గట్టిగా చెప్పండి.