కరెంటు వైద్యం

మా చిట్టమూరు వైపు "కరెంటు పెట్టించారు" అనే మాటకు రెండర్థాలుండేవి. ఇంటికి దీపాలు వచ్చాయని ఒకటి. మతి చెడిన మనిషికి షాకు వైద్యం చేయించారని రెండోది. ఈ రెండోది గొంతు తగ్గించి చెప్పుకునేవారు.

ఈ వైద్యం 1938లో ఇటలీలో పుట్టింది. రోమ్ నగరంలో సెర్లెట్టి, బీనీ అనే వైద్యులు తొలిసారి ఒక రోగికి ఇచ్చారు. అంతకు నాలుగేళ్ల ముందే హంగేరీలో మెడూనా అనే వైద్యుడు మందులతో మూర్ఛ తెప్పించి చూశాడు. గుణమిచ్చేది ఆ మూర్ఛేగాని కరెంటు కాదు. క్లోర్‌ప్రొమజైన్ వంటి మాత్రలు 1952 తర్వాతగాని రాలేదు.

నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలోనిది. అందుచేత మావాళ్లకు పిచ్చాసుపత్రి అంటే కీల్పాకే. 1794లో మద్రాసులో మొదలైన ఆ ఆశ్రయం 1871లో కీల్పాక్‌కు మారింది. అక్కడి పేరు ఇంటికి అంటుకుంటే పిల్లలకు సంబంధాలు రావని భయపడేవారు. చాలామంది అనుమసముద్రంపేట దర్గాకే పోయేవారు.

మేమూ అలాగే పోయాం. 1968లో మా వదినకు రెండో కాన్పయిన కొద్దిరోజులకే తిండి, నిద్ర పోయాయి. బిడ్డను దగ్గరికి తెచ్చినా మొహం తిప్పుకునేది. దర్గాలో నలభై రోజులున్నాం. మనిషి ఎముకల గూడయింది. చివరకు ఒక పట్టణంలో ప్రైవేటు నర్సింగ్ హోములో చేర్పించాం. వాళ్లిచ్చిన ఇంగ్లీషు కాగితం నాకు సగమే అర్థమైంది. అయినా పరవాలేదని చెప్పి మా అన్న చేత సంతకం పెట్టించాను. మత్తు ఇస్తారా అని అడగాలని తోచలేదు. పెద్ద డాక్టర్లను ప్రశ్నలడిగే రోజులా అవి!

మత్తు ఇవ్వలేదు. నోట్లో గుడ్డ పెట్టి, నలుగురు భుజాలు, మోకాళ్లు అదిమి పట్టుకున్నారు. తలుపు సందులోంచి చూశాను. ఆరోసారి అయిన మర్నాడు వదిన "బిడ్డ పాలు తాగిందా?" అని అడిగింది. మా అన్న వరండాలోకి పోయి ఏడ్చాడు.

ఆ జబ్బు మళ్లీ రాలేదు. నడుము నొప్పి మాత్రం ఏళ్ల తరబడి ఉండింది. ఆ కొన్ని నెలల జ్ఞాపకమూ పోయింది. "బతికించారు కదా" అనేవాడు మా అన్న. "బతికించారు, కాదన్లే. చెప్పి చేసుంటే ఏం పోయె?" అనేది వదిన. ఇద్దరి మాటా నిజమే.

ఇప్పుడు మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఈ వైద్యం చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మైనర్లకైతే సంరక్షకుల సమ్మతితోపాటు బోర్డు అనుమతి కూడా కావాలి. తీవ్రమైన దిగులుకు, తిండీ మాటా మానేసిన స్థితికి నేటికీ వైద్యులు దీన్ని వాడుతున్నారు. మరపు ఇప్పటికీ కొందరికి వస్తుంది.

వదిన 2009లో పోయింది. "అబ్బయా, బారసాల నాడు నేను ఏ చీర కట్టుకున్నా?" అని ఎన్నిసార్లు అడిగిందో. ఆకుపచ్చదని చెప్పేవాణ్ణి. నిజానికి నాకూ గుర్తులేదు.