బడితోట

బడితోట అనగా పాఠశాల ఆవరణలో ఉపాధ్యాయుల పర్యవేక్షణలో విద్యార్థులు స్వయంగా పెంచే తోట. అలంకారం కోసం నాటే పూలమొక్కల వరుసలు ఈ కోవకు రావు. విత్తడం మొదలు కాపు కోయడం వరకు పనులు పిల్లల చేతుల మీదుగా జరిగి, ఆ పనులు తరగతిలోని పాఠంతో ముడిపడినప్పుడే దానిని బడితోట అనడం సమంజసం.

చరిత్ర

జర్మన్ విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థను ప్రారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఈ మాటకు 'పిల్లల తోట' అని అర్థం. ఫ్రోబెల్ పద్ధతిలో ప్రతి బిడ్డకు సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఉమ్మడి మడులు ఉండేవి. నేటి కిండర్‌గార్టెన్లు అనేకం ఆ పేరును నిలుపుకున్నవే కాని తోటను నిలుపుకోలేదు.

భారతదేశంలో 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో మహాత్మా గాంధీ చేతివృత్తి ఆధారంగా సాగే విద్యను ప్రతిపాదించాడు. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి రూపకల్పన చేసింది. నయీ తాలీంగా పేరొందిన ఈ విధానంలో నూలు వడకడంతో పాటు వ్యవసాయానికి, తోటపనికి స్థానం లభించింది. జపాన్‌లోని తొమోయె పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఒక రైతును పిల్లలకు ఉపాధ్యాయుడిగా పరిచయం చేసిన ఘట్టం, తెలుగులో రైలుబడిగా వచ్చిన తెత్సుకో కురొయనాగి రచనలో ఉంది. 2019లో భారత ప్రభుత్వం పాఠశాలల పెరటితోటలకు మార్గదర్శకాలు వెలువరించి, వాటిలో పండిన కూరలను మధ్యాహ్న భోజనంలో వాడాలని సూచించింది.

బోధనలో స్థానం

బడితోట వలన గణితం కంటికి కనిపిస్తుంది. 3 మీటర్ల సాలులో 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, మొదటి నుండి చివరి వరకు బెండ విత్తనాలు నాటాలంటే ఎన్ని కావాలని అడిగితే, పిల్లలలో ఎక్కువమంది భాగహారం చేసి 10 అంటారు. గుంటలు తీసి లెక్కించినప్పుడు 11 వస్తాయి. ఎడాలు వేరు, మొక్కలు వేరు అనే సంగతి నల్లబల్ల మీద కంటే ఇక్కడ తేలికగా బోధపడుతుంది.

చిక్కుడు గింజ మొలిచినప్పుడు రెండు బీజదళాలు, మొక్కజొన్నకు ఒకే తొలి ఆకు కనబడతాయి. గుమ్మడి తీగకు ఆడపువ్వులు, మగపువ్వులు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు అడుగున చిన్న పిందె ఉంటుంది. తేనెటీగలు వాలకపోతే ఆ పిందె పసుపుబారి రాలిపోతుంది. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, గుమ్మడి పువ్వు ఉదయమే విచ్చుకుంటుంది. కనుక బడివేళలలో పరిశీలనకు గుమ్మడి అనువైనది. చిక్కుడుపై పేనుబంక, బెండకు తెల్లదోమ వలన సోకే పల్లాకు తెగులు కూడా పాఠాలే. ఎండిన మొక్కను వెంటనే పీకి దాచివేయడం కంటే, ఎందుకు ఎండిందో పిల్లల చేత వ్రాయించడం మేలు.

నిర్వహణ

పిల్లల చేతులు రెండు వైపుల నుండి అందేలా మడి వెడల్పు 1 మీటరుకు మించకూడదు. తొలకరిలో బెండ, గోంగూర, గుమ్మడి. చలికాలంలో పాలకూర, మెంతి, కొత్తిమీర వేసుకోవచ్చు. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి విత్తాలి. మెంతికూర సుమారు నెల రోజులలోనే కోతకు వస్తుంది కనుక చిన్న తరగతులకు తగినది. భోజనానంతరం చేతులు కడిగిన నీటిని కాలువ ద్వారా పాదులకు మళ్ళించవచ్చు. రసాయనిక పురుగుమందులను పిల్లల చేతికి ఇవ్వరాదు.

సమస్యలు

నీళ్ళు పోయడాన్ని ఆలస్యంగా వచ్చినవారికి శిక్షగా వేయడం, ఊడ్పు పనిని ఆడపిల్లలకో, కొన్ని కులాల పిల్లలకో అప్పగించడం వంటి చేష్టలు తోటను వెట్టిచాకిరీగా మారుస్తాయి. నయీ తాలీంలో పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చులు గడవాలన్న ఆలోచనపై ఆనాడే ఇటువంటి అభ్యంతరం వచ్చింది. పనులను వంతులవారీగా, ఉపాధ్యాయునితో సహా అందరూ పంచుకోవడం ఒక్కటే దీనికి విరుగుడు.

వేసవి సెలవులు మరొక చిక్కు. ఏప్రిల్ చివరి నుండి జూన్ రెండవ వారం వరకు నీరందక మడులు ఎండిపోతాయి. మునగ, కరివేపాకు వంటి చెట్లు పాతుకున్న తరువాత ఈ ఎండలకు కొంత తట్టుకుంటాయి. సెలవులకు ముందే బెండ, గోంగూర కాయలను కొన్నింటిని మొక్కననే ఎండనిచ్చి గింజలు తీసి భద్రపరిస్తే, బడి తెరిచాక విత్తుకోవచ్చు. సంకర రకాల గింజల నుండి తల్లి మొక్క వంటి మొక్కలే రావు కనుక ఇందుకు నాటు రకాలనే ఎంచుకోవాలి.