దినములు లెక్కించుట



కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో పెండ్లియై రెండేండ్లు గడచిన కోడలిని ఇరుగుపొరుగువారు అడుగు ప్రశ్న నీ వెరిగినదే: "ఏమమ్మా, నీళ్లు పోసుకున్నవా?" ఆమె తల వంచుకొనును. మూడవ యేట ఆ ప్రశ్నయే నింద యగును. కొందరు వేములవాడకు పోయి కోడె మొక్కు చెల్లింతురు. కొందరు హన్నావలె ప్రార్థనలో కన్నీరు విడుతురు. అయినను ఆమె దేహములో నెలనెల జరుగు సంగతి ఆమెకు ఎవరును విప్పి చెప్పరు. "బయట ఉన్నది" అని పలికి ఊరకుందురు. ఈ మౌనమువలన ఎన్ని కాపురములు చెడినవో ఆలోచించుము.

గర్భము నిలుచు దినము లేవో తెలిసికొనవలెనని మనుష్యులు పూర్వమునుండియు యత్నించిరి. మనుస్మృతి ముట్టు మొదలైన దినమునుండి పదునారు రాత్రులను ఋతుకాలముగా నెంచి, మొదటి నాలుగింటిని విడువుమనెను. సరి రాత్రులయందు కుమారులు, బేసి రాత్రులయందు కుమార్తెలు కలుగుదురనెను. లేవీయకాండములో ముట్టు గల స్త్రీకి ఏడు దినముల ఎడము నియమింపబడెను. తరువాత యూదుల పెద్దలు మరి యేడు శుద్ధ దినములను చేర్చిరి. కాబట్టి దంపతులు తిరిగి కలిసికొను వేళకు ఇంచుమించు పండ్రెండు దినములు గడచును. అది అనేకులకు గర్భము నిలుచు కాలమునకు దగ్గరగానే యుండును.

పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా వైద్యులు మాత్రము పెద్ద పొరపాటు పడిరి. పశువులు ఎదకు వచ్చుటవంటిదే స్త్రీల ముట్టు అని తలంచి, ముట్టు సమీప దినములే ఫలించు దినములనియు, నెల నడుమ భయము లేదనియు బోధించిరి. సత్యము దీనికి సరిగా తలక్రిందులు. బిడ్డ వద్దనుకొన్నవారికి బిడ్డలు పుట్టిరి. కావలెనన్నవారు వట్టి చేతులతో నిలిచిరి.

ఈ చిక్కు విప్పినవారు ఇద్దరు. జపాను దేశమందు నీగాత పట్టణములో పనిచేసిన ఒగినో క్యూసాకు అను వైద్యుడు 1924లో తన పరిశోధనను ప్రకటించెను. ఆస్ట్రియా దేశపు హెర్మన్ క్నౌస్ 1928లో వేరు మార్గమున అట్టి నిర్ణయమునకే వచ్చెను. ఒగినో చెప్పిన కీలకమేమనగా, అండము విడుదలయగు దినమును గడచిన ముట్టునుండి గాక, రాబోవు ముట్టునుండి వెనుకకు లెక్కింపవలెను. అది సుమారు పండ్రెండు మొదలు పదునారు దినముల ముందు జరుగును. ఒగినో దీనిని బిడ్డలు లేనివారి మేలు కొరకు తలపెట్టెను. లోకము దానిని బిడ్డలు కలుగకుండుటకు వాడుకొనెను. అది ఆయనకు నచ్చలేదు.

మన దేశములోను ఈ మాట త్వరలోనే వినబడెను. 1935 డిసెంబరులో అమెరికా వనిత మార్గరెట్ శాంగర్ వార్ధాలో గాంధీగారిని దర్శించి సంతాన నిరోధమును గూర్చి వాదించెను. ఆ ఊరికి పేరిచ్చిన నదియే ఆదిలాబాదు ప్రాంతపు పొలిమేరను తాకుచు ప్రవహించి వైనగంగతో కలిసి ప్రాణహిత యగును. గాంధీగారు కృత్రిమ సాధనములను ఒప్పుకొనలేదు. దినములు చూచి మెలగు పద్ధతిని మాత్రము అంతగా నిరసింపలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆరోగ్య మంత్రిణిగా నుండిన రాజకుమారి అమృతకౌర్ క్రైస్తవురాలు, గాంధీగారి శిష్యురాలు. ఆమె సమ్మతించినది ఈ పద్ధతినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున అబ్రహాం స్టోన్ అను అమెరికా వైద్యుడు రాగా, 1952లో మైసూరు రాష్ట్రపు రామనగరములోను, ఢిల్లీలోని లోదీ కాలనీలోను ప్రయోగము మొదలుపెట్టిరి. చదువురాని స్త్రీల కొరకు పూసల దండ చేసిరి: భయము లేని దినములకు ఆకుపచ్చ పూసలు, గర్భము నిలుచు దినములకు ఎర్ర పూసలు. దినమునకొక పూస జరుపవలెను. కాని కొందరు జరుపుట మరచిరి. కొందరికి అందరియెదుట దానిని ధరించుట సిగ్గాయెను. అంతకు మించిన కారణము వేరొకటి కలదు. అందరి నెలలు ఒక్క తీరుగా నుండవు.  ప్రయోగము ఆశించిన ఫలమియ్యలేదు.

ఇప్పటి జ్ఞానమేమి చెప్పుచున్నది? పురుష బీజము స్త్రీ దేహములో ఐదు దినములవరకు బ్రతుకును. అండము ఒక దినమునకు మించి నిలువదు. కాబట్టి అండము విడుదలయగు దినమును, దానికి ముందటి ఐదు దినములును, మొత్తము ఆరు దినములే ఫలించు కాలమని 1995లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన స్థిరపరచెను. ఇరువదియెనిమిది దినములకొకసారి ముట్టగు స్త్రీకి పదునాలుగవ దినము ప్రాంతమునను, ముప్పదిరెండు దినములకగు స్త్రీకి పదునెనిమిదవ దినము ప్రాంతమునను అండము విడుదలయగును. నెలలు క్రమము తప్పినవారికి ఈ లెక్క సరిపడదు. గర్భము వద్దనుకొనువారు దీనినే నమ్ముకొనుట క్షేమము కాదు.

చదువరీ, నీ యింటి కోడలికి బిడ్డలు లేనియెడల ఆమెను గొడ్రాలనక ముందు దీనిని తలంచుము. దోషము పురుషునియందును ఉండవచ్చును. కుమారుడో కుమార్తెయో యగుట తండ్రి బీజమువలననే గాని సరి బేసి రాత్రులవలన కాదు. ఏడాది కాపురము చేసియు ఫలము లేనియెడల, భార్య ముప్పదియైదేండ్లు దాటినదైతే ఆరు నెలలకే, ఇద్దరును కలిసి వైద్యుని యొద్దకు పోవలెను. భర్త పరీక్షకు సిగ్గుపడరాదు. ఎల్కానా హన్నాను నిందింపలేదు, ఆమె దుఃఖమును అడిగి తెలిసికొనెను. అత్తలారా, భర్తలారా, గోడమీది క్యాలెండరులో ఒక గుర్తు పెట్టుట ఆమెకు నేర్పుడి. ఆ లెక్కను ఆమె ఒంటరిగా మోయకుండ చూడుడి.